సొంత లినక్స్ కెర్నల్‌లో ఐపీ నెట్‌వర్కింగ్ ఆప్షన్లు: చిన్న ఆఫీసు రౌటర్ కోసం

లినక్స్ కెర్నల్‌ను సొంతంగా కంపైల్ చేసుకునేవాళ్లు నెట్‌వర్కింగ్ మెనూలో ఎక్కువగా తడబడేది రెండు విషయాల దగ్గర. మొదటిది, ఒక ఆప్షన్‌కు వై (కెర్నల్‌లో కలుపు అని; ఎం అంటే విడి మాడ్యూల్‌గా, ఎన్ అంటే వద్దు) కొట్టగానే ఆ పని మొదలైపోతుందనుకోవడం. కంపైల్ సమయంలో పెట్టేది ఇంటికి వేసే వైరింగ్ లాంటిది, లైటు వెలగాలంటే బూట్ అయ్యాక సిస్‌సీటీఎల్‌తో (నడుస్తున్న కెర్నల్ సెట్టింగులు మార్చే కమాండ్) స్విచ్ వేయాలి. రెండోది, ఆ మెషీన్‌లోనే ముగిసే కనెక్షన్లకు పనికొచ్చే ఆప్షన్లనూ, మెషీన్ గుండా దాటిపోయే ప్యాకెట్లకు పనికొచ్చే ఆప్షన్లనూ కలిపేసుకోవడం. రౌటర్ మీద బీబీఆర్ (టీసీపీ డేటా పంపే వేగాన్ని నిర్ణయించే పద్ధతుల్లో ఒకటి) పెట్టి, ఆఫీసులో అందరి డౌన్‌లోడ్ వేగమూ పెరగాలని ఎదురుచూడటం ఈ రెండో పొరపాటే. కింద ప్రతి ఆప్షన్ దగ్గరా ఈ రెండు ప్రశ్నలూ వేసుకుంటూ వెళ్దాం.

ఉదాహరణకు మూడు ఈథర్‌నెట్ పోర్టులు, 2 జీబీ ర్యామ్ ఉన్న ఎక్స్86 మినీ పీసీని తీసుకుందాం. డెబియన్ 13, 6.12 కెర్నల్. ఈత్0 మీద పీపీపీఓఈ అనే పద్ధతిలో లాగిన్ అయ్యే ఫైబర్ కనెక్షన్ (లాగిన్ అయ్యాక దాని ఇంటర్‌ఫేస్ పేరు పీపీపీ0), ఈత్1 మీద బ్యాకప్‌గా ఒక 4జీ రౌటర్, ఈత్2 మీద ఆఫీసు లాన్. ఇక్కడ కమాండ్లు, ఫైల్ పేర్లు తెలుగు అక్షరాల్లో ఉన్నాయి, టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

జీసీసీ, మేక్, ఫ్లెక్స్, బైసన్, బీసీ, వీటితోపాటు ఎన్‌కర్సెస్, ఓపెన్‌ఎస్ఎస్ఎల్, లిబ్‌ఎల్ఫ్ డెవలప్‌మెంట్ ప్యాకేజీలు కావాలి. ఎన్‌కర్సెస్, ఫ్లెక్స్, బైసన్ లేకపోతే మెనూ తెరుచుకోదు. మిగతావి లేకపోతే బిల్డ్ మధ్యలో ఆగిపోతుంది.

ఖాళీ కాన్ఫిగ్‌తో మొదలుపెట్టకండి. ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ కాన్ఫిగ్ ఫైల్ /బూట్ డైరెక్టరీలో, కాన్ఫిగ్ అనే పేరు పక్కన కెర్నల్ వెర్షన్‌తో ఉంటుంది. దాన్ని సోర్స్ డైరెక్టరీలోకి .కాన్ఫిగ్ పేరుతో కాపీ చేసి ఈ కమాండ్ ఇవ్వండి:

మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్

పాత కాన్ఫిగ్‌లో లేని కొత్త ఆప్షన్లన్నిటికీ ఇది డిఫాల్ట్ విలువలు నింపుతుంది. ఆ తర్వాత మేక్ మెనూకాన్ఫిగ్. మెనూలో స్లాష్ నొక్కితే వెతికే పెట్టె వస్తుంది. ఆప్షన్ పేరు కొడితే అది ఏ మెనూలో ఉంది, దేని మీద ఆధారపడి ఉంది, ఆ ఆధారాలు ఇప్పుడు ఏ విలువలో ఉన్నాయి అన్నీ చూపిస్తుంది. ఒక ఆప్షన్ మెనూలో కనబడట్లేదంటే దాదాపు ప్రతిసారీ దాని పై ఆప్షన్ ఎన్‌లో ఉండటమే కారణం. మెనూలన్నీ తిరిగే బదులు ఈ వెతుకులాటను అలవాటు చేసుకోండి.

మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ గురించి ఒక హెచ్చరిక. ఆ క్షణంలో లోడ్ అయి ఉన్న మాడ్యూళ్లను చూసి మిగతావన్నీ తీసేస్తుంది కాబట్టి బిల్డ్ త్వరగా అయిపోతుంది. కానీ అప్పటికి పీపీపీఓఈ కనెక్ట్ అయి లేకపోయినా, ఫైర్‌వాల్ రూల్స్ ఎక్కించి లేకపోయినా సంబంధిత మాడ్యూళ్లు కొత్త కెర్నల్‌లో ఉండవు. వాడాలనుకుంటే అన్నీ నడుస్తున్న స్థితిలో వాడండి.

టీసీపీ/ఐపీ మెనూ

నెట్‌వర్కింగ్ సపోర్ట్‌లోకి వెళ్లి, అందులో నెట్‌వర్కింగ్ ఆప్షన్స్ తెరవండి.

ప్యాకెట్ సాకెట్: వై. ఇది టీసీపీడంప్‌కు మాత్రమే అనుకుని తీసేసేవాళ్లున్నారు. ఇంకా అడ్రస్ రాని ఇంటర్‌ఫేస్ మీద డీహెచ్‌సీపీ క్లయింట్ ప్యాకెట్లు పంపేది కూడా ఈ సాకెట్ తోనే. తీసేస్తే మెషీన్‌కు ఐపీ అడ్రస్సే రాకపోవచ్చు.

టీసీపీ/ఐపీ నెట్‌వర్కింగ్: వై. కెర్నల్ సుమారు 400 కేబీ పెరుగుతుందని దాని సహాయ పాఠమే చెబుతుంది. దీన్ని మాడ్యూల్‌గా పెట్టే వీలు లేదు.

ఐపీ మల్టీకాస్టింగ్: వై. ఖర్చు 2 కేబీ. లాన్‌లో ప్రింటర్లను కనుక్కునే ఎండీఎన్ఎస్ లాంటివి మల్టీకాస్ట్ మీదే నడుస్తాయి. దీని కిందే ఉండే మల్టీకాస్ట్ రౌటింగ్ మాత్రం వేరే విషయం. ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కు మల్టీకాస్ట్ ప్యాకెట్లు దాటించాల్సిన పని ఉంటేనే అది కావాలి, ఈ ఆఫీసుకు ఎన్.

ఐపీ అడ్వాన్స్‌డ్ రౌటర్: వై. ఈ పేరు చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. ఈ ఆప్షన్ తనంతట తాను కెర్నల్‌లో ఏ మార్పూ చేయదు, కింద ఉన్న మరికొన్ని ప్రశ్నలను తెరుస్తుందంతే. దీన్ని పెట్టకపోయినా లినక్స్ ఒక ఇంటర్‌ఫేస్ నుంచి ఇంకో ఇంటర్‌ఫేస్‌కు ప్యాకెట్లు దాటించగలదు, పెట్టినంత మాత్రాన దాటించడం మొదలుపెట్టదు.

దాని కింద వచ్చేవాటిలో పాలసీ రౌటింగ్‌ను వదలకండి. రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు ఉన్నచోట ఇది తప్పనిసరి. ఏ గమ్యానికి వెళ్తోందో మాత్రమే కాక, ఎక్కడి నుంచి వచ్చింది, ఫైర్‌వాల్ వేసిన ఏ మార్క్ (గుర్తు సంఖ్య) ఉంది అన్నదాన్ని బట్టి వేర్వేరు రౌటింగ్ టేబుళ్లు వాడే వీలు దీనితోనే వస్తుంది. ఇది లేని కెర్నల్ మీద ఐపీ రూల్ యాడ్ కొడితే 'ఆపరేషన్ నాట్ సపోర్టెడ్' అని జవాబొస్తుంది. రెండు కనెక్షన్లు లేకపోయినా వైర్‌గార్డ్ వీపీఎన్ వాడేవాళ్లకు ఇది కావాలి. ట్రాఫిక్ మొత్తాన్నీ టన్నెల్ గుండా పంపమని దాన్ని మొదలుపెట్టే డబ్ల్యూజీ-క్విక్ స్క్రిప్ట్‌కు చెబితే, అది ఫైర్‌వాల్ మార్క్‌తో ఒక రూల్ రాస్తుంది. పాలసీ రౌటింగ్ లేకపోతే అక్కడే ఆగిపోతుంది. ఐపీవీ6 మెనూలో మల్టిపుల్ రౌటింగ్ టేబుల్స్ అని దీనికి జోడీగా ఇంకో ఆప్షన్ ఉంది. అదీ వై చేయండి. ఇక్కడ పెట్టి అక్కడ మరిచిపోవడం వల్ల ఐపీవీ4 ట్రాఫిక్ టన్నెల్‌లో, ఐపీవీ6 ట్రాఫిక్ నేరుగా బయటికి వెళ్లే పరిస్థితి వస్తుంది.

ఈక్వల్ కాస్ట్ మల్టీపాత్‌ను రెండు లైన్ల మీదా లోడ్ పంచాలనుకుంటేనే పెట్టండి. లినక్స్ 3.6లో ఐపీవీ4 రౌట్ క్యాష్‌ను తీసేశాక దీని ప్రవర్తన మారింది. ఇప్పుడు ఏ దారి అనేది ప్యాకెట్ హెడర్ల హ్యాష్‌ను బట్టి తేలుతుంది. డిఫాల్ట్‌గా హ్యాష్‌లోకి వెళ్లేది మూల, గమ్య అడ్రస్‌లు. ఫిబ్_మల్టీపాత్_హ్యాష్_పాలసీ విలువ 1 చేస్తే పోర్టులూ కలుస్తాయి. అప్పుడు ఒకే యూజర్ ఒకే బ్యాంకు సైట్‌కు తెరిచే రెండు కనెక్షన్లు రెండు వేర్వేరు పబ్లిక్ అడ్రస్‌ల నుంచి వెళ్లి, సెషన్ తెగిపోయే అవకాశం ఉంది. ఫైబర్ ప్రధానం, 4జీ బ్యాకప్ అయినచోట మల్టీపాత్ జోలికి పోకపోవడమే మంచిది.

కెర్నల్ లెవెల్ ఆటోకాన్ఫిగరేషన్: ఎన్. డిస్క్ లేని మెషీన్లు ఎన్ఎఫ్ఎస్ మీద రూట్ ఫైల్ సిస్టమ్ పెట్టుకుని బూట్ కావడానికి ఇది ఉంది. నిజంగా ఆ పనికే కావాలంటే మూడు షరతులు గుర్తుంచుకోండి. దీని కింద ఉన్న డీహెచ్‌సీపీ సపోర్ట్ కూడా వై కావాలి. బూట్‌లోడర్ కెర్నల్ లైన్‌లో ఐపీ=డీహెచ్‌సీపీ అని రాయాలి. నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ మాడ్యూల్‌గా కాక కెర్నల్‌లోనే ఉండాలి, ఎందుకంటే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లోని ప్రోగ్రాములు మాడ్యూళ్లు లోడ్ చేసే సమయానికి ఈ దశ దాటిపోయి ఉంటుంది. కేబుల్ పెట్టకుండా బూట్ చేస్తే లింక్ కోసం 120 సెకన్ల దాకా ఎదురుచూస్తుంది. హ్యాంగ్ అయిందనుకుని పవర్ తీసేయకండి.

టీసీపీ సిన్‌కుకీ: వై. ఉత్తుత్తి కనెక్షన్ అభ్యర్థనల వరద (సిన్ ఫ్లడ్) నుంచి ఈ మెషీన్ మీద వినే సర్వీసులకు మాత్రమే రక్షణ. రౌటర్ వెనక ఉన్న వెబ్ సర్వర్‌ను ఇది కాపాడదు, ఆ సర్వర్ కెర్నల్‌లో విడిగా ఉండాలి.

ఐనెట్ సాకెట్ మానిటరింగ్: వై లేదా ఎం. ఎస్ఎస్ కమాండ్ కనెక్షన్ల లోపలి వివరాలను దీని ద్వారానే తెచ్చుకుంటుంది. లేకపోతే /ప్రాక్ నుంచి పైపై సమాచారమే వస్తుంది. ఆర్‌టీటీ (ప్యాకెట్ వెళ్లి జవాబు వచ్చే సమయం) లాంటివి కనబడవు. సమస్య వచ్చిన రోజున అవే కావాలి.

అడ్వాన్స్‌డ్ కంజెషన్ కంట్రోల్‌లో డిఫాల్ట్‌ను క్యూబిక్‌గానే ఉంచండి. 2.6.19 నుంచి లినక్స్ డిఫాల్ట్ అదే. 4.9లో వచ్చిన బీబీఆర్‌ను ఎంగా పెట్టుకోవచ్చు. అయితే కంజెషన్ కంట్రోల్ అనేది డేటా పంపే చివర నిర్ణయించేది. రౌటర్ గుండా దాటిపోయే టీసీపీ కనెక్షన్ల మీద రౌటర్‌లోని క్యూబిక్‌కూ బీబీఆర్‌కూ ఏ ప్రభావమూ లేదు. ఇదే మెషీన్ మీద ఫైల్ సర్వరో ప్రాక్సీయో నడిపితే, అక్కడి నుంచి బయల్దేరే డేటాకు మాత్రం తేడా కనబడుతుంది. టీసీపీ_ఆర్‌మెమ్, టీసీపీ_డబ్ల్యూమెమ్ (టీసీపీ బఫర్ల పరిమాణాలు) విలువలు పెంచమనే సలహాలకూ ఇదే వర్తిస్తుంది. 'రౌటర్ ట్యూనింగ్' పేరుతో తిరిగే లిస్టుల్లో సగం లైన్లు సర్వర్ల కోసం రాసినవి.

ఐపీవీ6ను తీసేయకండి

ఐపీవీ6 ప్రోటోకాల్‌కు వై పెట్టండి. వాడట్లేదు కదా అని ఎన్ పెడితే, ఐపీవీ6 సాకెట్ తెరిచి రెండు ప్రోటోకాళ్లనూ దాని మీదే వినే సర్వీసులు 'అడ్రస్ ఫ్యామిలీ నాట్ సపోర్టెడ్' అంటూ మొదలవకుండానే పడిపోతాయి. నిజంగా వద్దనుకుంటే కంపైల్‌లో ఉంచి, ఆ ఇంటర్‌ఫేస్ మీద డిజేబుల్_ఐపీవీ6 విలువను 1 చేయండి. మన దేశంలో మొబైల్ నెట్‌వర్కులు ఐపీవీ6ను విస్తృతంగా వాడుతున్నాయి. చాలా ఐపీవీ4 కనెక్షన్లకు సొంత పబ్లిక్ అడ్రస్ రావడం లేదు. మీ వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మీరు ప్రొవైడర్ నాట్ (చాలామందికి ఒకే పబ్లిక్ అడ్రస్‌ను పంచే ఏర్పాటు) వెనక ఉన్నట్టే. అప్పుడు బయటి నుంచి ఆఫీసుకు కనెక్ట్ కావడానికి ఐపీవీ6 ఒక్కటే తిన్నని దారి.

సిట్ టన్నెల్, మొబిలిటీ, సెగ్మెంట్ రౌటింగ్ లాంటివి ఈ ఆఫీసుకు అక్కర్లేదు.

నెట్‌ఫిల్టర్

నెట్‌ఫిల్టర్ అంటే కెర్నల్‌లోని ఫైర్‌వాల్. నెట్‌వర్క్ ప్యాకెట్ ఫిల్టరింగ్ ఫ్రేమ్‌వర్క్‌లోకి వెళ్తే మొదట కనబడేది అడ్వాన్స్‌డ్ నెట్‌ఫిల్టర్ కాన్ఫిగరేషన్. దీన్ని ఎన్‌లో ఉంచితే అరుదైనవి దాగి, చాలామందికి అవసరమయ్యేవి తమంతట తాము ఎంకు వెళ్తాయి. అనుభవం లేనివాళ్లకు ఎన్ సురక్షితం. వై చేసుకుంటే మాత్రం కింది వాటిని ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి.

కనెక్షన్ ట్రాకింగ్ సపోర్ట్, ఎన్ఎఫ్_టేబుల్స్ సపోర్ట్, దాని కింద ఐపీవీ4, ఐపీవీ6 కలిసిన ఐనెట్ టేబుళ్ల సపోర్ట్. ఎన్ఎఫ్_టేబుల్స్ మాడ్యూళ్లలో కనెక్షన్ ట్రాకింగ్, నాట్, మాస్కరేడ్, రిజెక్ట్, లాగ్, లిమిట్, ఫిబ్. వీటిలో ఒక్కటి తప్పినా ఫలితం విచిత్రంగా ఉంటుంది. ఎన్ఎఫ్‌టీ (ఎన్ఎఫ్_టేబుల్స్‌ను నడిపే కమాండ్) రూల్స్ ఫైల్ మొత్తం ఒకే లావాదేవీగా ఎక్కుతుంది కాబట్టి, రిజెక్ట్ మాడ్యూల్ లేని కెర్నల్ మీద రిజెక్ట్ అనే ఒక్క రూల్ ఉంటే ఫైల్‌లోని ఏ రూలూ ఎక్కదు. తెరపై వచ్చేది 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అన్న సందేశం. జనం ఫైల్ కోసం వెతుకుతూ కూర్చుంటారు, నిజానికి లేనిది కెర్నల్ మాడ్యూల్. రూల్స్ ఎక్కలేదంటే ఫైర్‌వాల్ లేకుండానే మెషీన్ ఇంటర్నెట్‌కు తెరుచుకుని ఉంటుంది. కొత్త కెర్నల్ మొదటి బూట్ అవగానే ఎన్ఎఫ్‌టీ లిస్ట్ రూల్‌సెట్ చూడటం మరవకండి.

ఫిబ్ మాడ్యూల్ ఎందుకంటే, ఐపీవీ4లో దొంగ మూల అడ్రస్‌లను ఆపే ఆర్‌పీ_ఫిల్టర్ లాంటి సిస్‌సీటీఎల్ ఐపీవీ6లో లేదు. ఆ పని ఎన్ఎఫ్‌టీలో ఫిబ్ రూల్‌తోనే చేసుకోవాలి.

పీపీపీఓఈ ఫోన్ లేదా ఫైబర్ లైన్‌కు డివైస్ డ్రైవర్స్, నెట్‌వర్క్ డివైస్ సపోర్ట్ కింద పీపీపీ, పీపీపీ ఓవర్ ఈథర్‌నెట్ రెండూ ఎం. ప్రొవైడర్ వీలాన్ ట్యాగ్ అడిగితే 802.1క్యూ వీలాన్ సపోర్ట్ కూడా. వైర్‌గార్డ్ 5.6 నుంచి కెర్నల్‌లోనే ఉంది, అదీ ఇదే చోట దొరుకుతుంది.

దాటిపోయే ట్రాఫిక్‌కు నిజంగా మేలు చేసేది క్యూ, అంటే ప్యాకెట్లు బయటికి వెళ్లే ముందు నిలబడే వరుస. నెట్‌వర్కింగ్ ఆప్షన్స్‌లో క్యూఓఎస్ అండ్/ఆర్ ఫెయిర్ క్యూయింగ్ కింద ఎఫ్‌క్యూ_కోడెల్‌నూ, 4.19 నుంచి ఉన్న కేక్‌నూ ఎం పెట్టండి. డౌన్‌లోడ్ వైపు కూడా అదుపు కావాలంటే ఐఎఫ్‌బీ డివైస్, ఇన్‌గ్రెస్ క్యూ, మిర్డ్ యాక్షన్ మూడూ ఉండాలి. ఒకరు పెద్ద ఫైల్ అప్‌లోడ్ చేస్తున్నప్పుడు మిగతావాళ్ల వీడియో కాల్ తెగిపోయే సమస్యకు మందు ఇదే. కేక్‌కు బ్యాండ్‌విడ్త్‌ను ప్లాన్ వేగానికి కొంచెం తక్కువగా, 100 ఎంబీపీఎస్ లైన్‌కు 90 దగ్గర ఇచ్చి మొదలుపెట్టండి. సమానంగా ఇస్తే క్యూ మీ రౌటర్‌లో కాక ప్రొవైడర్ పరికరంలో పేరుకుంటుంది, దాని మీద మీకు అదుపు ఉండదు.

బిల్డ్, ఇన్‌స్టాల్

జనరల్ సెటప్‌లో లోకల్ వెర్షన్‌కు -రౌటర్1 లాంటి పేరివ్వండి. పాత కెర్నల్ మాడ్యూళ్ల డైరెక్టరీ మీద కొత్తవి రాసుకోకుండా ఉంటుంది. తర్వాత:

మేక్ -జే4 బిన్‌డెబ్-పీకేజీ

పై డైరెక్టరీలో .డెబ్ ఫైళ్లు తయారవుతాయి, డీపీకేజీ -ఐతో ఎక్కించండి. తొలగించడమూ తేలిక. డిస్ట్రిబ్యూషన్ కాన్ఫిగ్ తెచ్చుకున్నప్పుడు ఒక్కోసారి బిల్డ్ .పెమ్ సర్టిఫికెట్ ఫైల్ దొరకలేదని ఆగిపోతుంది. ఆ డిస్ట్రిబ్యూషన్ తాళం ఫైల్ పేరు కాన్ఫిగ్‌లో మిగిలిపోవడం కారణం. సిస్టమ్ ట్రస్టెడ్ కీస్ ఆప్షన్ విలువను ఖాళీ చేసి మళ్లీ నడపండి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని మీ కెర్నల్ బూట్ కాదు. సంతకం చేసుకోవాలి, లేదా బయోస్‌లో దాన్ని ఆపాలి.

మెషీన్ దూరంగా ఉంటే నేరుగా కొత్త కెర్నల్‌ను డిఫాల్ట్ చేయకండి. గ్రబ్ (బూట్‌లోడర్) సెట్టింగుల్లో డిఫాల్ట్‌ను సేవ్డ్‌గా పెట్టి, గ్రబ్-రీబూట్‌తో కొత్త ఎంట్రీని ఒక్క బూట్‌కు మాత్రమే ఎంచుకోండి. ఆ ఎంట్రీ కెర్నల్ లైన్‌లో ప్యానిక్=10 చేర్చండి. ప్యానిక్ అయితే (కెర్నల్ కుప్పకూలితే) 10 సెకన్లకు తనే రీబూట్ అయి పాత కెర్నల్‌తో లేస్తుంది. ప్యానిక్ కాకుండా నెట్‌వర్క్ మాత్రమే పోయిన పరిస్థితికి ఇది సరిపోదు. అక్కడ ఎవరైనా ఒకసారి పవర్ తీసి పెట్టాలి, అప్పుడు పాతదే వస్తుంది.

సిస్‌సీటీఎల్

/ఈటీసీ/సిస్‌సీటీఎల్.డీ డైరెక్టరీలో 90-రౌటర్.కాన్ఫ్ ఫైల్ తయారు చేసి ఈ వరుసలోనే రాయండి:

నెట్.ఐపీవీ4.ఐపీ_ఫార్వర్డ్ = 1
నెట్.ఐపీవీ6.కాన్ఫ్.ఆల్.ఫార్వర్డింగ్ = 1
నెట్.ఐపీవీ4.కాన్ఫ్.ఆల్.ఆర్‌పీ_ఫిల్టర్ = 2
నెట్.ఐపీవీ4.కాన్ఫ్.డిఫాల్ట్.ఆర్‌పీ_ఫిల్టర్ = 2
నెట్.ఐపీవీ6.కాన్ఫ్.పీపీపీ0.యాక్సెప్ట్_ఆర్ఏ = 2

ఐపీ_ఫార్వర్డ్ మొదట ఉండటానికి కారణం ఉంది. దాని విలువ మారినప్పుడు కెర్నల్ సంబంధిత ఇంటర్‌ఫేస్ సెట్టింగులను హోస్ట్ లేదా రౌటర్ డిఫాల్ట్‌లకు తిరిగి మారుస్తుంది. చివర్లో రాస్తే అప్పటిదాకా పెట్టిన రీడైరెక్ట్ లాంటి సెట్టింగులు కొన్ని చెప్పాపెట్టకుండా మారిపోతాయి.

ఆర్‌పీ_ఫిల్టర్‌లో 0 అంటే పరీక్ష లేదు. 1 అంటే ప్యాకెట్ వచ్చిన ఇంటర్‌ఫేస్ గుండానే దాని మూలానికి తిరుగు దారి ఉండాలి. 2 అంటే ఏదో ఒక ఇంటర్‌ఫేస్ గుండా దారి ఉంటే చాలు. రెండు ఇంటర్నెట్ లైన్లు ఉన్నచోట 1 పెడితే, డిఫాల్ట్ రౌట్ ఫైబర్ వైపు ఉన్నందున 4జీ వైపు నుంచి వచ్చిన ప్యాకెట్లు నిశ్శబ్దంగా పడిపోతాయి. ఇంకో మెలిక: ఆల్ కింద ఉన్న విలువ, ఆ ఇంటర్‌ఫేస్ విలువ, రెండింటిలో పెద్దది అమలవుతుంది. అందుకే ఆల్ 1గా ఉండగా ఈత్1ను 0 చేసినా పరీక్ష ఆగదు, 2 చేస్తే మాత్రం సడలుతుంది. ప్యాకెట్లు ఇక్కడే పోతున్నాయా అని తేల్చుకోవడానికి ఎన్‌స్టాట్ -ఏజెడ్ ఇచ్చి ఐపీరివర్స్‌పాత్‌ఫిల్టర్ లెక్క చూడండి. అది పెరుగుతుంటే అనుమానం తీరినట్టే.

యాక్సెప్ట్_ఆర్ఏ గురించి: ఐపీవీ6 ఫార్వర్డింగ్ 1 చేయగానే కెర్నల్ తనను రౌటర్‌గా భావించి, ఇతర రౌటర్ల ప్రకటనలను పట్టించుకోవడం మానేస్తుంది. యాక్సెప్ట్_ఆర్ఏ 1 అని ఉన్నా లాభం లేదు. ప్రొవైడర్ పంపే డిఫాల్ట్ రౌట్ అందదు. ఫార్వర్డింగ్ ఆన్ చేయగానే, అంతకుముందు ప్రకటనల ద్వారా వచ్చిన డిఫాల్ట్ రౌట్‌ను కూడా కెర్నల్ తీసేస్తుంది కాబట్టి ఐపీవీ6 పోతుంది. వ్యాన్ ఇంటర్‌ఫేస్ మీద 2 పెట్టడమే పరిష్కారం. సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ, డీహెచ్‌సీపీసీడీ ఈ ప్రకటనలను తామే చూసుకుంటాయి, అవి వాడుతుంటే వాటి సెట్టింగుల్లోనే పెట్టండి.

చేత్తో సిస్‌సీటీఎల్ --సిస్టమ్ నడిపినప్పుడు, కనెక్షన్ లేకపోతే పీపీపీ0 లైన్ దగ్గర ఆ ఫైలే లేదంటుంది. భయం లేదు. ఇంటర్‌ఫేస్ పుట్టినప్పుడు సిస్టమ్‌డీ ఉన్న డిస్ట్రిబ్యూషన్లలో యూడెవ్ (కొత్త పరికరాలను గమనించే సర్వీస్) ఆ పేరుకు సంబంధించిన లైన్లను మళ్లీ అమలు చేస్తుంది. మాడ్యూల్ లోడ్ అయితేగానీ పుట్టని కీలకు మాత్రం ఆ సదుపాయం లేదు. నెట్.నెట్‌ఫిల్టర్ కింది కీలు ఎన్ఎఫ్_కాన్‌ట్రాక్ (కనెక్షన్ ట్రాకింగ్ మాడ్యూల్) లోడ్ అయ్యాకే ఉంటాయి. /ఈటీసీ/మాడ్యూల్స్-లోడ్.డీలో ఆ మాడ్యూల్ పేరు రాసి ముందే లోడ్ చేయించండి.

కాన్‌ట్రాక్ టేబుల్ డిఫాల్ట్ పరిమాణం ర్యామ్‌ను బట్టి తేలుతుంది. 2 జీబీకి 65536 ఎంట్రీలు, 4 జీబీ దాటితే 262144. ఆఫీసుకు ఇది ధారాళం. అయినా లాగ్‌లో 'టేబుల్ ఫుల్, డ్రాపింగ్ ప్యాకెట్' అని వస్తే, పరిమాణం పెంచే ముందు ఎవరి మెషీన్ అన్ని కనెక్షన్లు తెరుస్తోందో చూడండి. వైరస్ పట్టిన కంప్యూటరో, టొరెంటో దొరుకుతుంది. స్థిరపడిన టీసీపీ కనెక్షన్ గడువు డిఫాల్ట్‌గా 432000 సెకన్లు, అంటే 5 రోజులు. దాన్ని 86400కు తగ్గించుకోవచ్చు.

రెండు లైన్ల రూల్స్

4జీ వైపు వెళ్లాల్సిన ట్రాఫిక్‌ను టేబుల్ 200కు పంపే కమాండ్లు ఇవి:

ఐపీ రూల్ యాడ్ లుకప్ మెయిన్ సప్రెస్_ప్రిఫిక్స్‌లెంగ్త్ 0 ప్రయారిటీ 1000
ఐపీ రౌట్ యాడ్ డిఫాల్ట్ వయా 192.168.8.1 డెవ్ ఈత్1 టేబుల్ 200
ఐపీ రూల్ యాడ్ ఫ్రమ్ 192.168.8.2 లుకప్ 200 ప్రయారిటీ 1100
ఐపీ రూల్ యాడ్ ఎఫ్‌డబ్ల్యూమార్క్ 2 లుకప్ 200 ప్రయారిటీ 1200

192.168.8.2 ఈత్1 మీద మీ అడ్రస్ అనుకోండి. మొదటి లైనే అన్నిటికన్నా ముఖ్యం. మెయిన్ టేబుల్‌ను ముందు చూడు, కానీ అందులో డిఫాల్ట్ రౌట్ ఒక్కటే సరిపోలితే దాన్ని లెక్కచేయకుండా ముందుకు వెళ్లు అని దాని అర్థం. ఇది లేకపోతే మార్క్ పడిన ప్యాకెట్ లాన్‌లోని మెషీన్‌కు వెళ్లాల్సినదైనా, టేబుల్ 200లో డిఫాల్ట్ రౌట్ తప్ప ఇంకేమీ లేదు కాబట్టి 4జీ రౌటర్ వైపు పోతుంది. ఈ రూల్స్ రీబూట్‌కు నిలవవు, నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్‌లోనో ఒక సర్వీస్‌లోనో పెట్టుకోవాలి. పీపీపీ0 అడ్రస్ ప్రతి లాగిన్‌కూ మారేదైతే ఆ వైపు అడ్రస్ ఆధారిత రూల్ రాయకండి, లేదా /ఈటీసీ/పీపీపీ/ఐపీ-అప్.డీలో స్క్రిప్ట్ పెట్టి ప్రతిసారీ మార్చండి. అదే కారణానికి పీపీపీ0 మీద ఎస్‌నాట్ (అడ్రస్‌ను రూల్‌లోనే రాసే నాట్) కాక మాస్కరేడ్ (ఇంటర్‌ఫేస్‌కు అప్పుడున్న అడ్రస్‌ను తీసుకునే నాట్) వాడండి. లైన్ పడిపోయినప్పుడు మాస్కరేడ్ పాత అడ్రస్‌తో ఉన్న ట్రాకింగ్ ఎంట్రీలను తీసేస్తుంది.

కొన్ని సైట్లే తెరుచుకోకపోతే

పింగ్ వస్తుంది, సెర్చ్ పేజీ వస్తుంది, కానీ కొన్ని సైట్లు సగంలో ఆగిపోతాయి. పీపీపీఓఈ లైన్ల మీద ఇది ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) సమస్య. పీపీపీఓఈకి 8 బైట్లు పోగా 1500లో 1492 మిగులుతుంది. ప్యాకెట్ పెద్దదైందని చెప్పే ఐసీఎంపీ సందేశాలను అవతలివైపు ఎక్కడో ఫైర్‌వాల్ ఆపేస్తే, సర్వర్ 1500 బైట్ల ప్యాకెట్లే పంపుతూ ఉంటుంది. ఫార్వర్డ్ చైన్‌లో ఈ రూల్ చేర్చండి:

టీసీపీ ఫ్లాగ్స్ సిన్ టీసీపీ ఆప్షన్ మ్యాక్స్‌సెగ్ సైజ్ సెట్ ఆర్‌టీ ఎంటీయూ

ఐపీవీ4కు ఎంఎస్ఎస్ (ఒక ప్యాకెట్‌లో పట్టే టీసీపీ డేటా) 1452 దగ్గర, ఐపీవీ6కు 1432 దగ్గర ఆగుతుంది. నిర్ధారించుకోవడానికి లాన్‌లోని లినక్స్ మెషీన్ నుంచి పింగ్ -ఎం డూ -ఎస్ 1464 ఇవ్వండి (ఇక్కడ ఎం మాత్రం పెద్ద అక్షరం), వెళ్లాలి. 1465 వెళ్లకూడదు. టీసీపీ_ఎంటీయూ_ప్రోబింగ్‌ను రౌటర్‌లో ఆన్ చేయమనే సలహా ఇక్కడ పనిచేయదు, అది రౌటర్ సొంత కనెక్షన్లకే. మీ ఫైర్‌వాల్‌లో కూడా ఐసీఎంపీని గంపగుత్తగా ఆపకండి. ఐపీవీ6లో ఐసీఎంపీ ఆపితే పొరుగు మెషీన్‌ను కనుక్కోవడమే ఆగిపోతుంది.

ఒక ప్యాకెట్ ఏ దారిన పోతుందో కెర్నల్‌నే అడగవచ్చు:

ఐపీ రౌట్ గెట్ 8.8.8.8 ఫ్రమ్ 192.168.1.10 ఐఐఎఫ్ ఈత్2

లాన్ నుంచి వచ్చిన ప్యాకెట్‌గా భావించి రూల్స్, టేబుళ్లు, ఆర్‌పీ_ఫిల్టర్ అన్నీ దాటించి ఫలితం చెబుతుంది. మార్క్‌తో పరీక్షించాలంటే చివర మార్క్ 2 చేర్చండి. జవాబులో దారి సరిగ్గా ఉండి ట్రాఫిక్ మాత్రం పోవట్లేదంటే సమస్య రౌటింగ్‌లో లేదు, ఎన్ఎఫ్‌టీ రూల్స్‌కు కౌంటర్లు పెట్టి ఏ లైన్ దగ్గర లెక్క పెరుగుతోందో చూడండి. 'ఇన్‌వాలిడ్ క్రాస్-డివైస్ లింక్' అని వస్తే ఆర్‌పీ_ఫిల్టర్ అడ్డుపడుతున్నట్టు, పైన చెప్పిన ఆల్, ఇంటర్‌ఫేస్ విలువలు రెండూ తీసి చూడండి.